త్రికోణమితీయ సర్వసమీకరణాలు, రెట్టింపు కోణాలు: గుత్తి కొండ నుంచి ఇంటర్ తరగతి దాకా

త్రికోణమితీయ సర్వసమీకరణం అంటే రెండు వైపులా ఉన్న నిష్పత్తులకు అర్థం ఉన్న ప్రతి కోణానికీ నిజమయ్యే సమానత. సైన్²క + కాస్²క = 1 వాటిలో మొదటిది. ఈ వ్యాసమంతటా కోణాన్ని ‘క’ అనే అక్షరంతో సూచిస్తున్నాం. క విలువ 10 డిగ్రీలైనా 73 డిగ్రీలైనా ఆ సమానత చెదరదు. సైన్ క = 1/2 అనేది ఆ కోవలోకి రాదు. అది 30, 150 వంటి కొన్ని కోణాలకే నిజం, కనుక సమీకరణం. సర్వసమీకరణాన్ని నిరూపిస్తారు, సమీకరణాన్ని సాధిస్తారు. ఈ రెండు పనులకూ పదే పదే అక్కరకొచ్చేవి రెట్టింపు కోణపు సూత్రాలు:

సైన్ 2క = 2 సైన్ క × కాస్ క
కాస్ 2క = కాస్²క − సైన్²క = 2 కాస్²క − 1 = 1 − 2 సైన్²క
టాన్ 2క = 2 టాన్ క ÷ (1 − టాన్²క)

పాఠ్యపుస్తకాల్లో ఇవి సంయుక్త కోణాల తర్వాత, ‘గుణిజ, ఉపగుణిజ కోణాలు’ అన్న శీర్షిక కింద వస్తాయి. సైన్ (క + చ) సూత్రంలో చ స్థానంలో క రాస్తే మొదటి సూత్రం రెండు పంక్తుల్లో తేలిపోతుంది. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు గానీ, అలా వచ్చిన సూత్రం కంటికి ఏమీ చూపించదు, అందుకే పరీక్ష దాటగానే మరుపున పడుతుంది. ఒక్క బొమ్మ నుంచి రాబడితే అది జన్మలో మరిచిపోలేని సంగతి అవుతుంది.

ఒకే త్రిభుజం

సమద్విబాహు త్రిభుజం గీయండి. సమాన భుజాలు రెండూ 1 యూనిట్, వాటి మధ్య కోణం 2క. శీర్షం నుంచి భూమి మీదికి లంబం దించితే అది కోణాన్ని రెండు సమాన భాగాలు చేస్తుంది. అప్పుడు లంబం పొడవు కాస్ క, భూమిలో సగం సైన్ క. కనుక వైశాల్యం సైన్ క × కాస్ క. అదే వైశాల్యాన్ని రెండు భుజాలు, వాటి మధ్య కోణం తీసుకుని లెక్కిస్తే 1/2 సైన్ 2క. రెండూ ఒకే త్రిభుజం వైశాల్యమే కాబట్టి సైన్ 2క = 2 సైన్ క × కాస్ క.

అదే త్రిభుజం భూమిని కూడా రెండు విధాల కొలవొచ్చు. లంబం వల్ల అది 2 సైన్ క అని తెలుసు, అంటే దాని వర్గం 4 సైన్²క. కొసైన్ సూత్రం ప్రకారం ఆ వర్గం 2 − 2 కాస్ 2క. రెంటినీ సమానం చేసి 2తో భాగిస్తే కాస్ 2క = 1 − 2 సైన్²క వచ్చేసింది. వైశాల్యం ఒక సూత్రాన్నిస్తే, భూమి రెండో సూత్రాన్నిచ్చింది. 2క విలువ 0కూ 180కీ మధ్య ఉన్నంతవరకే ఈ బొమ్మ సాక్ష్యం చెల్లుతుంది. మిగతా కోణాలకు సంయుక్త కోణ సూత్రాల ద్వారా నిరూపణ పూర్తవుతుంది.

గుత్తి కొండ ఎత్తు

అనంతపురం జిల్లా ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్ట పీఠభూమి. దట్టమైన అడవి తక్కువ. ఎటు చూసినా చదును నేల, మధ్య మధ్య రాతి గుట్టలు. కోణాలు కొలిచేవాళ్లకు ఇంతకన్నా అనువైన నేల అరుదు. గుత్తి కోట ఉన్న కొండనే తీసుకుందాం.

చదును నేల మీద ఒక చోట నిలబడి శిఖరానికి ఊర్ధ్వకోణం కొలవండి, అది క అనుకోండి. కొండ వైపు తిన్నగా నడుస్తూ కోణం 2క అయ్యే చోట ఆగండి. మొదటి చోటు, రెండో చోటు, శిఖరం, ఈ మూడూ కలిస్తే ఒక త్రిభుజం. రెండో చోట 2క అనేది ఆ త్రిభుజానికి బాహ్యకోణం, అది అంతర అభిముఖ కోణాల మొత్తానికి సమానం. వాటిలో ఒకటి క, కాబట్టి శిఖరం దగ్గర కోణం కూడా క. అంటే త్రిభుజం సమద్విబాహువు: రెండో చోటు నుంచి శిఖరానికి ఉన్న ఏటవాలు దూరం సరిగ్గా మీరు నడిచిన దూరమే. కొండ ఎత్తు = నడిచిన దూరం × సైన్ 2క. కొండ మొదలు దాకా వెళ్లనక్కర లేదు, తెలియని దూరం ఒక్కటీ లెక్కలో లేదు.

ఉదాహరణకు కోణాలు 15, 30 డిగ్రీలు, నడిచింది 400 మీటర్లు అనుకుంటే ఎత్తు 400 × 1/2 = 200 మీటర్లు. పదో తరగతిలో నేర్పే రెండు టాన్ సమీకరణాల దారిలో వెళ్లినా ఇదే జవాబు. ఆ దారిలో టాన్ 15 విలువ కావాలి, అది పదో తరగతి పట్టికలో ఉండదు. రెట్టింపు కోణం తెలిస్తే అదీ కష్టం కాదు: (1 − కాస్ 2క) ÷ సైన్ 2క = టాన్ క అనే సర్వసమీకరణంలో క = 15 వేస్తే టాన్ 15 = 2 − √3, దాదాపు 0.268.

ఈ 0.268కి అనంతపురం జిల్లాలో మరో అర్థం ఉంది. 15 డిగ్రీల ఉత్తర అక్షాంశ రేఖ అనంతపురం పట్టణానికి ఉత్తరంగా, గుత్తికి దక్షిణంగా వెళ్తుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున, ఆ రేఖ మీద సూర్యుడు ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తుకు చేరిన మధ్యాహ్న వేళ మీటరు కర్ర నిలువుగా పాతితే నీడ సుమారు 26.8 సెంటీమీటర్లు.

వరాహమిహిరుడి సూత్రం, లాంబ్టన్ గొలుసు

గ్రీకులు పూర్తి జ్యాతో, అంటే వృత్తం మీది రెండు బిందువులను కలిపే గీతతో, లెక్కలు చేశారు. క్రీ.శ. రెండో శతాబ్దంలో టాలెమీ కూర్చిన పట్టిక అలాంటిదే. సగం జ్యాను, అంటే నేటి సైన్‌ను ఆధారం చేసుకున్నది భారతీయ ఖగోళ శాస్త్రం. 499లో ఆర్యభటుడు ‘ఆర్యభటీయం’లో 3 డిగ్రీల 45 కళల ఎడంతో 24 జ్యాల (సైన్ విలువల) తేడాలు ఇచ్చాడు. ఆ ఎడం 30 డిగ్రీలను మూడుసార్లు సగం చేస్తే వచ్చేదే: 15, 7 డిగ్రీల 30 కళలు, 3 డిగ్రీల 45 కళలు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు ‘పంచసిద్ధాంతిక’లో ఆ సగం చేసే సూత్రాన్నే చెప్పాడు. నేటి గుర్తుల్లో అది సైన్²క = (1 − కాస్ 2క) ÷ 2. పై సమద్విబాహు త్రిభుజం భూమి మనకు చెప్పిందీ ఇదే. తెలిసిన కోణం జ్యా నుంచి దానిలో సగం కోణం జ్యా వస్తుంది, అందులోంచి మళ్లీ సగం. పట్టిక మొత్తం ఇలా అల్లుకుంటూ పోవచ్చు. 1150 నాటి ‘సిద్ధాంత శిరోమణి’లో రెండో భాస్కరుడు రెండు కోణాల మొత్తానికీ తేడాకూ జ్యా సూత్రాలిచ్చాడు.

తెలుగులో గణితానికి మొదటి పెద్ద పేరు పదకొండో శతాబ్దపు పావులూరి మల్లన. మహావీరాచార్యుడి ‘గణిత సార సంగ్రహం’ ఆధారంగా ఆయన రాసిన గ్రంథం ప్రధానంగా అంకగణితం, క్షేత్రగణితం మీద సాగింది. జ్యాల చర్చ మనకు జ్యోతిష సిద్ధాంత గ్రంథాల దారిలోనే వచ్చింది.

ఈ గణితం అనంతపురం నేల మీద పెద్ద ఎత్తున పనిచేసింది పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో. 1800లో నిజాం, అనంతపురం ప్రాంతం ఉన్న దత్త మండలాలను ఈస్ట్ ఇండియా కంపెనీకి అప్పగించాడు. 1802 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలవడంతో ఒక మహా సర్వే మొదలైంది. ఆ సర్వే 1818లో గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే అనే పేరు పొందింది. కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి 78 డిగ్రీల రేఖాంశం వెంట సాగిన త్రిభుజాల వరుస ఈ పీఠభూమి మీదుగానే వెళ్లింది. 1811లో లాంబ్టన్ గుత్తి దగ్గర ఒక ఆధార రేఖ కొలిచాడు. పని తీరు చెప్పడానికి తేలిక, చేయడానికి ప్రాణాంతకం. నేల మీద కొన్ని మైళ్ల దూరాన్ని ఉక్కు గొలుసుతో కచ్చితంగా కొలుస్తారు. దాని రెండు కొసల నుంచీ ఒక కొండ కొమ్ముకు కోణాలు తీస్తారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే సైన్ సూత్రం మిగతా రెండు భుజాలనూ ఇస్తుంది. వాటిలో ఒకటి తర్వాతి త్రిభుజానికి ఆధార రేఖ. అర టన్ను బరువున్న థియోడొలైట్‌ను కొండల మీదికి ఎక్కించింది పేరు లేని కూలీలు. సర్వే చరిత్ర రాసేవాళ్లు వాళ్లను ఇంకా సరిగా తలుచుకోలేదు. అప్పుడప్పుడూ కొత్త ఆధార రేఖ ఎందుకంటే, లెక్కలో వచ్చిన పొడవునూ గొలుసు చెప్పిన పొడవునూ సరిపోల్చి, పేరుకున్న దోషాన్ని పట్టుకోవడానికి. గుత్తి రేఖ చేసింది ఆ పనే.

లాంబ్టన్ అసలు ఆశయం పటం ఒక్కటే కాదు, భూమి ఆకారం. ధ్రువాల దగ్గర నొక్కుకున్న భూమి మీద ఒక డిగ్రీ అక్షాంశం పొడవు అన్ని చోట్లా ఒకటిగా ఉండదు. నేటి కొలతల ప్రకారం, అక్షాంశాన్ని క అంటే, ఆ పొడవు కిలోమీటర్లలో దాదాపు 111.13 − 0.56 కాస్ 2క. గుత్తి ప్రాంతంలో, అంటే క = 15 దగ్గర, కాస్ 30 = 0.866. పొడవు దాదాపు 110.65 కిలోమీటర్లు. భూమధ్యరేఖ దగ్గర 110.57, ధ్రువాల దగ్గర 111.69. ఇందులోకి రెట్టింపు కోణం ఎలా వచ్చిందంటే, భూమి నొక్కుడు లెక్కల్లో తగిలేది సైన్²క. దాన్ని కాస్ 2కగా మార్చేది వరాహమిహిరుడి సూత్రం. పదమూడు శతాబ్దాల ఎడంలో ఉన్న ఇద్దరు మనుషుల పనిని ఈ ఒక్క సర్వసమీకరణం కలుపుతోంది. లాంబ్టన్ 1823 జనవరిలో, సర్వే పనిలో ఉండగానే, హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు.

సర్వేయరు చేతిలో సైన్ 2క

టాకియోమీటర్ సర్వేలో ఈ సూత్రం నేరుగా కనిపిస్తుంది. గొలుసు వేయడానికి వీలులేని గుట్టల్లో, వాగు కోసిన నేలల్లో, దూరాన్నీ ఎత్తునూ ఒకే చూపుతో తీసే పద్ధతి అది. పరికరం దూరదర్శినిలో అడ్డంగా రెండు వెంట్రుక గీతలుంటాయి. ఎదుట నిలువుగా పట్టిన అంకెల కర్ర మీద ఆ రెండు గీతల మధ్య పడిన పొడవును చదువుతారు. చూపు అడ్డంగా ఉంటే ఆ పొడవును 100తో గుణిస్తే దూరం. చూపు క కోణంలో పైకి లేస్తే రెండు సవరణలు కావాలి. కర్ర చూపుకు లంబంగా లేదు కాబట్టి చదివిన పొడవును కాస్ కతో గుణించాలి. దాన్ని 100తో గుణిస్తే ఏటవాలు దూరం. దాన్ని మళ్లీ కాస్ కతో గుణిస్తే అడ్డ దూరం, సైన్ కతో గుణిస్తే ఎత్తు. అందువల్ల

అడ్డ దూరం = 100 × చదివిన పొడవు × కాస్²క
ఎత్తు = 100 × చదివిన పొడవు × సైన్ క × కాస్ క = 50 × చదివిన పొడవు × సైన్ 2క

కర్ర మీద 1.2 మీటర్లు చదివి, కోణం 10 డిగ్రీలు వస్తే, ఎత్తు 60 × సైన్ 20, అంటే 20.5 మీటర్లు. అడ్డ దూరం 116.4 మీటర్లు. పరికరంలో ఇంకో చిన్న స్థిరాంకం ఉంటే దాన్నీ కలుపుకోవాలి. చెరువు నీరు ఎంతవరకు ముంచుతుందో, కాలువకు వాలు చాలుతుందో లేదో తేల్చే సమమట్టపు గీతలకు చాలాకాలం ఈ లెక్కే ఆధారం. ఇప్పుడు టోటల్ స్టేషన్లు వచ్చాయి, లెక్క లోపలి యంత్రం చేస్తుంది. సూత్రాలు మాత్రం మారలేదు, సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు నేటికీ వాటిని రాబట్టి రాయాలి.

వాన నీళ్లు పట్టే రేకు దోనెలోనూ ఇదే త్రిభుజం. 30 సెంటీమీటర్ల వెడల్పున్న రెండు పక్కలుండేలా రేకును ‘వి’ ఆకారంలో మడిచారనుకోండి. పక్కల మధ్య కోణం 2క అయితే కోత వైశాల్యం 450 × సైన్ 2క చదరపు సెంటీమీటర్లు. సైన్ విలువ 1కి మించదు, 90 డిగ్రీల దగ్గరే 1 అవుతుంది. కాబట్టి లంబకోణంలో మడిచిన దోనెలోనే ఎక్కువ నీరు పడుతుంది: 450. మడత 60 డిగ్రీలైనా 120 డిగ్రీలైనా దాదాపు 390 మాత్రమే. వేరుశనగ చేలో స్ప్రింక్లర్ నేలకు క కోణంలో చిమ్మే నీటి దూరం కూడా, గాలి నిరోధాన్ని పక్కనపెడితే, సైన్ 2కను బట్టే ఉంటుంది. గాలిని లెక్కలోకి తీసుకుంటే అనువైన కోణం 45 కంటే తగ్గుతుంది.

నిరూపణ అంటే ఏది, ఏది కాదు

నిరూపణలో తప్పులకు మూలం ఒక్కటే: నిరూపించాల్సిన దాన్నే నిజమని మొదలుపెట్టి, రెండు వైపులా ఏవో పనులు చేసి, 1 = 1 దగ్గర ఆగడం. సైన్ క = √(1 − కాస్²క) అని రాసి, ఇరువైపులా వర్గం చేస్తే నిజమైన సమానతే వస్తుంది. అయినా అసలు వాక్యం సర్వసమీకరణం కాదు. క = 210 వేస్తే ఎడమవైపు −1/2, కుడివైపు +1/2. వర్గం చేసే మెట్టు ఎక్కడానికే పనికొస్తుంది, దిగడానికి పనికిరాదు. అందుకే చిక్కుగా ఉన్న వైపు ఒక్కటే తీసుకుని, దాన్ని సైన్, కాస్‌లలోకి మార్చి, రెండో వైపుగా తేల్చడం మంచి పద్ధతి.

కాట్ క − టాన్ క తీసుకుందాం. హారం ఒకటి చేస్తే (కాస్²క − సైన్²క) ÷ (సైన్ క × కాస్ క). లవం కాస్ 2క, హారం సైన్ 2కలో సగం. కనుక అది 2 కాట్ 2క. ఈ చిన్న ఫలితం చేతిలో ఉంటే, టాన్ క + 2 టాన్ 2క + 4 టాన్ 4క + 8 కాట్ 8క = కాట్ క అనే, చూడగానే భయపెట్టే లెక్క చివరి నుంచి విడిపోతుంది. 4 టాన్ 4క + 8 కాట్ 8క కలిసి 4 కాట్ 4క, దానితో 2 టాన్ 2క కలిస్తే 2 కాట్ 2క, దానితో టాన్ క కలిస్తే కాట్ క. కాస్ 20 × కాస్ 40 × కాస్ 80 కూడా ఇంతే. 8 సైన్ 20తో గుణిస్తే సైన్ 20 నుంచి 40, 80, 160 దాకా రెట్టింపవుతూ పోయి సైన్ 160 దగ్గర ఆగుతుంది. సైన్ 160 = సైన్ 20. జవాబు 1/8.

ఒక త్రిభుజంలో కోణాలు క, చ, ట అయితే సైన్ 2క + సైన్ 2చ + సైన్ 2ట = 4 సైన్ క × సైన్ చ × సైన్ ట. మొత్తం 180 అన్న షరతు ఉంటేనే ఇది నిజం. దీర్ఘ సమాధాన ప్రశ్నల్లో ఈ కోవవి తరచూ వస్తాయి, పరివర్తన సూత్రాలతో సగం పేజీ నింపుతారు. దీనికీ మూలం మన సమద్విబాహు త్రిభుజమే. లఘుకోణ త్రిభుజానికి పరివృత్తం గీసి, కేంద్రాన్ని మూడు శీర్షాలతో కలిపితే మూడు సమద్విబాహు త్రిభుజాలు వస్తాయి. కేంద్రం దగ్గర వాటి కోణాలు 2క, 2చ, 2ట. వ్యాసార్ధం 1 అనుకుంటే వాటి వైశాల్యాల మొత్తం పై మూడు సైన్‌ల మొత్తంలో సగం. భుజాలు 2 సైన్ క, 2 సైన్ చ, 2 సైన్ ట కాబట్టి అసలు త్రిభుజం వైశాల్యం 2 సైన్ క × సైన్ చ × సైన్ ట. రెంటినీ సమానం చేస్తే చాలు.

సాధనలో జాగ్రత్తలు

సైన్ 2క = కాస్ క అని ఇచ్చి, 0 నుంచి 360 లోపు కోణాలు అడిగితే, చాలామంది 2 సైన్ క × కాస్ క = కాస్ క అని రాసి కాస్ కను కొట్టేస్తారు. సైన్ క = 1/2, జవాబు 30, 150. సగం జవాబు పోయింది. కాస్ క సున్నా అయ్యే 90, 270 కూడా సమీకరణాన్ని తృప్తిపరుస్తాయి. కొట్టేయకుండా ఒకవైపుకు తెచ్చి, ఉమ్మడి కారణాంకం తీయాలి.

సున్నా కాదని తెలిస్తే కొట్టేయడం తప్పు కాదు. సైన్ 18 విలువ కట్టే పద్ధతి అందుకు చక్కని సాక్ష్యం. క = 18 అయితే 2క, 3క కలిపి 90, కాబట్టి సైన్ 2క = కాస్ 3క. అంటే 2 సైన్ క × కాస్ క = 4 కాస్³క − 3 కాస్ క. కాస్ 18 సున్నా కాదు, ధైర్యంగా భాగించవచ్చు. మిగిలేది 4 సైన్²క + 2 సైన్ క − 1 = 0. ధన మూలం (√5 − 1) ÷ 4, సుమారు 0.309.

ఇంకో తప్పు గుర్తులకు సంబంధించింది. సైన్ క = 3/5, క రెండో పాదంలో ఉందంటే కాస్ క = −4/5. అప్పుడు సైన్ 2క = −24/25, కాస్ 2క = 7/25. క రెండో పాదంలో ఉన్నా 2క నాలుగో పాదంలో పడింది. కోణాన్ని రెట్టింపు చేస్తే నిష్పత్తి రెట్టింపు కాదు, పాదం కూడా మారిపోవచ్చు. కాస్ 2కను 1 − 2 సైన్²క నుంచి తీసి, సైన్ 2క గుర్తుతో సరిచూసుకుంటే పొరపాటు అక్కడే బయటపడుతుంది.

చదువులో దీని స్థానం

అనంతపురంలో పై చదువులకు పాత పునాది ఉంది. నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల 1916లో దత్త మండల కళాశాలగా మొదలైంది. 1946లో మద్రాసు గిండీలో ప్రారంభమైన ఇంజినీరింగ్ కళాశాల 1948లో అనంతపురానికి తరలివచ్చింది, ఇప్పుడది జేఎన్‌టీయూ అనంతపురంలో భాగం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాల వల్ల ఇంటర్ గణితం తెలుగులోనూ అందుబాటులోకి వచ్చింది.

పదో తరగతిలో విద్యార్థి చూసేది మూడు సర్వసమీకరణాలు, లఘుకోణాలు, ఎత్తులూ దూరాలూ. ఇంటర్‌లో ఒక్కసారిగా సంయుక్త, గుణిజ, ఉపగుణిజ కోణాలు, పరివర్తనలు, సమీకరణాలు, విలోమ ప్రమేయాలు, త్రిభుజ ధర్మాలు మీద పడతాయి. పదిలో ఉన్న కొండ, కర్ర, నీడ ఇంటర్‌లో మాయమవుతాయి, మిగిలేది సూత్రాల పట్టిక. లెక్కలంటే ఇష్టపడే పల్లె పిల్లలు సైతం వెనక్కి తగ్గేది ఈ మలుపులోనే. కారణం వాళ్ల తెలివిలో లేదు, పాఠం వరసలో ఉంది.

కనుక ఈ పాఠం చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. సూత్రాల పట్టిక రాసేముందు బోర్డు మీద ఒక సమద్విబాహు త్రిభుజం గీయండి, దాని వైశాల్యాన్ని పిల్లలచేతే రెండు విధాల కట్టించండి. వీలైతే ఒక పూట తరగతిని ఊరి గుట్ట దగ్గరికి తీసుకెళ్లి, కోణమాపకం, దారం, చిన్న రాయితో ఊర్ధ్వకోణం కొలిపించి, అది రెట్టింపయ్యే దాకా నడిపించండి. ఆ రోజు కట్టిన ఎత్తు కొన్ని మీటర్లు తప్పినా ఫరవాలేదు, సైన్ 2క ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పిల్లలకు ఇంకెవరూ చెప్పాల్సిన పని ఉండదు.